మూడు పుర్రెల చీటీలు

మ్యూజియంలో నా చేతిరాతకి మంచి పేరుండేది. కొత్తగా చేరిన వాళ్ళకి చీటీ ఎలా రాయాలో చెప్పాలంటే నేను రాసినవే తీసి చూపించేవాళ్ళు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన తప్పు అశ్రద్ధ వల్ల జరిగింది కాదు. కాస్త అశ్రద్ధగా ఉండే మనిషినైతే అది జరిగేదే కాదు.

డెబ్బై ఎనిమిదిలో చికాగోలోని ఆ మ్యూజియంలో చేరాను. అంతకు ముందు మూడేళ్ళు నేపర్‌విల్‌లో ఇంట్లో కూర్చున్నాను. మా వారు అక్కడికి దగ్గర్లో ఒక ల్యాబ్‌లో ఇంజనీరు. పొద్దున్నే ఆయన కారు తీసుకుని వెళ్ళిపోతే, విశాఖలో ఎమ్మెస్సీ జువాలజీ ఫస్టు క్లాసులో పాసైన మనిషిని, కిటికీలోంచి మంచు చూస్తూ పప్పు ఉడకేసుకునేదాన్ని. ఉద్యోగం ఇస్తున్నామని ఉత్తరం వచ్చిన రోజు అదేం ఉద్యోగమో కూడా సరిగా చదవకుండా సంబరపడిపోయాను. తీరా వెళ్ళి చూస్తే ఎలుకల పుర్రెలు కడిగే పని.

ఆ పని ఏమిటో కొంచెం చెప్పాలి. అడవిలో ఎలుకని పట్టగానే అక్కడే చర్మం వలిచి, లోపల దూది కూరి, కాళ్ళు చాపి ఆరబెడతారు. తలని విడిగా ఎండబెడతారు. చర్మానికో చీటీ, తలకో చీటీ దారంతో కడతారు. రెండింటి మీదా ఒకటే నంబరు. ఆ నంబరు ఎలుక ఎక్కడ, ఎప్పుడు దొరికిందో ఒక పుస్తకంలో రాసి ఉంటుంది. ఎండిన తలల్ని మ్యూజియంలో గాజు తొట్టెలో వేస్తే, మాంసం తినే చిన్న చిన్న పురుగులు వారం పది రోజుల్లో ఎముక మాత్రం మిగిల్చి తినేస్తాయి. తర్వాత ఆ పుర్రెల్ని చీటీలతో సహా అమ్మోనియా నీళ్ళలో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో కడిగి ఆరబెట్టాలి. ఆ గది వాసన గురించి రాయను. సాయంత్రం రైలు కిటకిటలాడుతున్నా నా పక్క సీటు ఖాళీగా ఉండేదని మాత్రం చెబుతాను.

ఇంటికి రాగానే తలస్నానం చేసి గానీ వంటింట్లో అడుగుపెట్టేదాన్ని కాదు. అయినా ఆ వాసన ముక్కులో ఉండిపోయేది. అప్పటికి ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళం పదిళ్ళ వాళ్ళం. నెలకోసారి ఎవరింట్లోనో పాట్‌లక్, తలా ఒక వంటకం చేసి తీసుకెళ్ళేవాళ్ళం. మ్యూజియంలో రీసెర్చ్ అని గొప్పగా చెప్పుకున్నాను. ఒకావిడ గుచ్చి గుచ్చి అడిగి ఎలుకల సంగతి రాబట్టింది. ఆ రోజు నేను తీసుకెళ్ళిన పులిహోర గిన్నె మూత తీసినవాళ్ళు లేరు, తీసుకెళ్ళింది తీసుకెళ్ళినట్టే ఇంటికి తిరిగొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత ఎవరు అడిగినా అడక్కపోయినా ఎలుకల గురించే మాట్లాడటం మొదలుపెట్టాను.

మా విభాగానికి పెద్ద ఒక క్యూరేటర్. అరవయ్యేళ్ళ మనిషి, పొడుగ్గా ఉండేవారు, కొంచెం వంగి నడిచేవారు. అక్కడ అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు. నాకు నోరు రాలేదు, సార్ అన్నాను. అలా పిలవొద్దని రెండు నెలలు చెప్పి, విసుగొచ్చి వదిలేశారు. అరవైల్లో ఆయన టాంజానియా వెళ్ళి రెండు కొండల మీది అడవుల్లో ఎలుకలు పట్టించారు. ఆ రెండింటినీ మేము పెద్ద కొండ, చిన్న కొండ అనుకునేవాళ్ళం. రెండింటి మధ్యా చెట్టన్నది లేని మైదానం. చల్లటి అడవిలో బతికే ఎలుక ఆ ఎండలో పడి ఇంకో కొండకి దాటలేదు. అందుకని వేలాది ఏళ్ళుగా ఒక్కో కొండ మీద ఒక్కో రకం తయారై ఉంటుందని సార్ నమ్మకం. ఏ ఎలుక ఏ కొండదో తెలియకపోతే మొత్తం శ్రమంతా నీళ్ళపాలే.

ఆ ఎలుకల్ని పట్టింది సార్ కాదు. బోనులు పెట్టి, పట్టి, చర్మాలు వలిచి, చీటీలు రాసింది అక్కడి ఊరి మనిషి ఒకాయన. మిషన్ బడిలో నాలుగు తరగతులు చదువుకున్నారట. నేను మనసులో ఆయన్ని బోనులాయన అనుకునేదాన్ని. ఒక ఎలుక విషయంలో ఆయన సార్‌తో వాదన పెట్టుకున్నారట. ఇది మిగతా వాటిలాంటిది కాదు, నేల మీద తిరగదు, నాచు పట్టిన దుంగల మీద తిరుగుతుంది, మా వాళ్ళు దీన్ని వేరే పేరుతో పిలుస్తారు అని. సార్ కళ్ళకి అన్నీ ఒకేలా కనిపించాయి. నీ మాట నిజమని తేలితే దానికి నీ పేరే పెడతానని మాటిచ్చి వచ్చేశారు. సరదాగా అన్న మాట కాబట్టి అది ఏ నంబరు ఎలుకో రాసుకోలేదు. అది నా తప్పు అని తర్వాత ఆయనే చాలాసార్లు అన్నారు. ఆయన తప్పు అంతే. మిగతాది నాది.

ఆ తలలు పదేళ్ళకు పైగా డబ్బాల్లోనే పడి ఉన్నాయి. నేను చేరిన ఏడాదికి వాటి వంతు వచ్చింది. ఒక ట్రేలో ముప్పైకి పైగా పుర్రెలు కడిగాను. వాటి చీటీలు ముట్టుకోబుద్ధి కాలేదు. రక్తం మరకలు, పురుగుల మురికి, అంచులు చిరిగిపోయి. బోనులాయన పెన్సిలుతో రాసినవి అన్నీ చదవడానికి వస్తున్నాయి. మూడింటి మీద మాత్రం బాల్‌పెన్ను వాడారు. ఆ సిరా నా అమ్మోనియా నీళ్ళలో కరిగి నీలం మరకైపోయింది.

మా కాలేజీలో రఫ్ రికార్డు, ఫెయిర్ రికార్డు అని రెండుండేవి. ల్యాబ్‌లో రఫ్‌లో గీసుకోవాలి, ఇంటికెళ్ళి ఫెయిర్‌లో ఎక్కించాలి. మార్కులు ఫెయిర్‌కే. అది చేతికొచ్చాక రఫ్ పొట్లాలు కట్టుకోవడానికి పోతుంది. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. కెమిస్ట్రీ ల్యాబ్‌లో రీడింగు రాకపోతే రావాల్సిన రీడింగేదో రాసేసుకునేవాళ్ళం. ఖాళీ ఉంచితే డిమాన్‌స్ట్రేటర్ సంతకం పెట్టేవాడు కాదు. ఆరేళ్ళు అలా చదువుకుని ఫస్టు క్లాసు తెచ్చుకున్నాను.

ఆ చీటీలన్నీ విప్పేసి, తెల్లటి కొత్త చీటీల మీద చెరగని నల్ల సిరాతో ముత్యాల్లా రాశాను. మూడు మిగిలాయి. పుస్తకం తీసి చూస్తే సరిగ్గా మూడు నంబర్లే మిగిలాయి. రెండు పెద్ద కొండ మీద చివరి రోజువి, ఒకటి చిన్న కొండ మీద మొదటి రోజుది. మూడూ ఎదిగిన మగవే, కొలతలు ఇంచుమించు ఒకటే. ఏ పుర్రెకి ఏ నంబరో తెలుసుకునే దారి లేదు. తడిసిన చీటీల్ని లైటుకి ఎత్తి పట్టుకుని కాసేపు చూశాను. ఒకదాని మీద ఇది నాలుగేమో అనిపించింది. అనిపించింది కదా అని మూడు నంబర్లూ మూడు పుర్రెలకి సర్దేశాను. పాత చీటీలన్నీ చెత్తబుట్టలో వేసి చేతులు కడుక్కున్నాను. ఆ సాయంత్రం సార్ ట్రే చూసి, ఇంత శుభ్రమైన పని ఈ గదిలో ఎప్పుడూ చూడలేదన్నారు. రైల్లో ఇంటిదాకా ఆ మాటే నెమరేసుకున్నాను.

నాలుగేళ్ళు గడిచాయి. సార్ రిటైరయ్యేలోగా ఆ రెండు కొండల ఎలుకల మీద ఒక పెద్ద వ్యాసం రాయాలని కూర్చున్నారు. ఒక్కో పుర్రెనీ మైక్రోస్కోపు కింద పెట్టి పళ్ళు చూడటం, కొలతలు చెప్పడం ఆయన వంతు. రాయడం నా వంతు. ఒక రోజు చెబుతూ చెబుతూ ఆగిపోయారు. లేచి వెళ్ళి నీళ్ళు తాగొచ్చి మళ్ళీ చూశారు. నన్ను చూడమన్నారు. పై దవడ పళ్ళ మీద మిగతా వాటికి లేని ఒక బొడిపె ఉంది. ముక్కు ఎముక పొడుగ్గా, సన్నగా ఉంది. నాలాంటి దానికి కూడా తెలిసిపోతోంది, అది వేరే జాతి.

సార్ కళ్ళు చెమర్చాయి. బోనులాయన మాటే నిజమైందన్నారు. అప్పటికప్పుడు టైపు మిషన్ ముందు కూర్చుని, మీ ఎలుక దొరికింది, దానికి మీ పేరు పెడుతున్నాను, అచ్చయ్యాక కాపీ పంపుతాను అని ఉత్తరం కొట్టారు. ఈలోపు నేను ఆ పుర్రె చీటీ చూశాను. తెల్లటి చీటీ, నల్లటి సిరా, నా ముత్యాల్లాంటి రాత. పెద్ద కొండ నంబరు. నేను సర్దేసిన మూడింట్లో ఒకటి.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఉత్తరం పోస్టులో పడకముందే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు. అది సాకే, నాకు తెలుసు. అసలు కారణం భయం, దాన్ని మించి పరువు. చలికాలమంతా ఆయన ఆ ఎలుక వర్ణన చెబుతుంటే నేను రాస్తూనే ఉన్నాను. నా చీటీని నమ్మి, ఆ నంబరున్న చర్మాన్ని కలరా ఉండల వాసన కొట్టే సొరుగులోంచి తీసి, దాని వెన్ను రంగు, తోక పొడవు, పాదాల మీది వెంట్రుకలు అన్నీ చెప్పారు. ఆ చర్మం ఏ ఎలుకదో, ఆ పుర్రె ఏ ఎలుకదో. ఒక ఎలుక మొండేనికి ఇంకో ఎలుక తల అతికించి, దాని మీద ఒక మంచి మనిషి పేరు రాస్తున్నామేమోనన్న అనుమానం నాకొక్కదానికే ఉంది.

ఇంట్లో మా వారికి చెప్పాను. ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, "ఎలుక కదే, ఏ కొండదైతే ఏంటి? లెట్ ఇట్ గో. నోటీస్ చేసేదెవరు?" అన్నారు. ఆయన ల్యాబ్‌లో ఒక వాల్వు నంబరు తప్పు పడితే వారం రోజులు నిద్రపోని మనిషి. నా నంబర్లు మాత్రం ఆయనకి ఎలుకలే. వారం రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు. కానీ ఆయన చెప్పినట్టే చేస్తున్నానని కూడా నాకు తెలుస్తూనే ఉంది.

వసంతం వచ్చాక వ్యాసం పంపే ముందు సార్ ఒక వాక్యం చేర్చాలన్నారు, పట్టిన మనిషి స్వహస్తంతో రాసిన అసలు చీటీ పుర్రెకి కట్టి ఉంది అని. మా వృత్తిలో కొత్త చీటీ రాసినా పాతది విప్పకూడదు, దాని పక్కనే కట్టాలి. ఈ నియమం నాకెవరూ చెప్పలేదు, ఇంత చిన్న విషయం చెప్పాల్సిన అవసరం ఉంటుందని ఎవరికీ తోచి ఉండదు. మాసిపోయాయని విడిగా దాచి ఉంటాననుకుని, పక్కన కట్టడానికి పాత చీటీ తెమ్మన్నారు. అడిగితే గానీ చెప్పలేదు నేను. అది కూడా రాసుకోవాలి.

"పాత చీటీ లేదు సార్. కొత్తది రాసి పారేశాను."

ఆయన తలెత్తారు. "నంబరు చదివే రాశావు కదా?"

"లేదు. మూడు పుర్రెలు, మూడు నంబర్లు మిగిలాయి. సర్దేశాను."

ఆయన కేకలేస్తే బాగుండేది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తడిసిన చీటీలుంటే ఫోటో విభాగం వాళ్ళు వేరే రకం కాంతిలో సిరా చదివి ఉండేవాళ్ళు, అది వాళ్ళకి చిటికెలో పని అన్నారు. ఆ తర్వాత మెల్లగా, "ఖాళీగా వదిలేస్తే సరిపోయేది," అన్నారు.

 నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. తీసేస్తే కొంత తేలిగ్గా ఉండేదేమో.

వ్యాసం ఆపేశారు. బోనులాయనకి ఇంకో ఉత్తరం రాశారు, ఆ ఎలుక ఏ కొండ మీద దొరికిందో గుర్తుందా అని. జవాబు ఆరు నెలలకి వచ్చింది. ఆయన చెబుతుంటే అక్కడి బడి మాస్టారు ఇంగ్లీషులో రాసిన ఉత్తరం. గుర్తుండకపోవడమేమిటి, చిన్న కొండ మీద మొదటి రోజు దొరికింది, వాగు మీద అడ్డంగా పడి ఉన్న దుంగ మీద బోను పెట్టాను, నా పెన్సిలు అంతకు ముందు రోజే అరిగిపోతే మీరు మీ పెన్ను ఇచ్చారు, దానితోనే చీటీ రాశాను అని ఉంది. కింద ఇంకో మాట ఉంది. చిన్న కొండ మీద ఇప్పుడు అడవి లేదు, కొట్టేసి టీ తోట వేశారు, వాగు కూడా ఎండిపోయింది.

పెన్ను మాట చదవగానే నాకు అనుమానమే లేకపోయింది. సార్‌కి కూడా లేదు. కానీ అచ్చుకి పంపనన్నారు. ఇరవై ఏళ్ళ నాటి జ్ఞాపకం మీద జాతిని నిలబెట్టకూడదు, ఇంతకంటే మెరుగైన ఆధారాలతో ఇతరులు పంపిన వ్యాసాలు నేనే తిప్పి పంపాను అన్నారు. నాకు కోపం ఆగలేదు. ఆ గదిలో నేను గొంతు పెంచింది ఆ ఒక్కసారే.

"నేను రాసిన అబద్ధాన్ని కాగితం మీద ఉందని అచ్చు వేయబోయారు. ఆయన నిజం చెబుతుంటే నోటిమాట అంటున్నారు."

"అవును," అన్నారు సార్. వాదించలేదు. 

ఆ మరుసటి ఏడాది ఒక పరిశోధకురాలు ఆ ప్రాంతానికి వెళుతుంటే, రెండు కొండల మీదా బోనులు పెట్టమని సార్ బతిమాలారు. పెద్ద కొండ మీద నెల రోజులు పెట్టింది. అలాంటి పళ్ళున్న ఎలుక ఒక్కటీ పడలేదు. చిన్న కొండ మీద టీ తోట మధ్య ఒక గండిలో కొన్ని చెట్లు మిగిలి ఉంటే అక్కడా పెట్టింది. ఇళ్ళల్లో ధాన్యం తినే మామూలు ఎలుకలు పడ్డాయి. తన రిపోర్టులో ఆ విషయం ఒక్క వాక్యంలో రాసింది. ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను.

అంటే ఆ ఎలుక జాతి లోకంలో ఇక లేకపోతే, దాని తాలూకు మిగిలింది నా ట్రేలోని ఆ పుర్రె ఒక్కటే. దానికి ఊరు లేదు, పేరు లేదు. దాని చర్మం మూడింట్లో ఏదో ఒకటి. పుర్రెని ఒక గాజు గొట్టంలో పెట్టి, నా చీటీ మీది నంబరు కొట్టేసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టమన్నారు సార్. నా చేత్తోనే పెట్టించారు. శిక్షగా కాదు, సంగతి తెలిసిన మనిషే రాయాలని.

సార్ రిటైరయ్యారు. ఆ మరుసటి ఏడాదే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. చూడ్డానికి వెళితే, బోనులాయనకి జవాబు రాయలేదు, నువ్వు రాయి అన్నారు. మాట ముద్దగా వస్తోంది. ఏం రాయాలో చెప్పారు: ఆధారాలు చాలలేదు, ఎలుకకి పేరు పెట్టలేకపోయాం, క్షమించండి. నా తప్పని రాయనా అని అడిగాను. వద్దన్నట్టు తల ఊపారు. ఇంటికొచ్చి రఫ్‌గా రాసుకుని, ఫెయిర్ చేసి, ఆయన వద్దన్నది కూడా రాశాను. చీటీలు మార్చింది నేను, పారేసింది నేను, మీరు చెప్పింది నిజమని మా ఇద్దరికీ తెలుసు అని. ఆ రఫ్ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ఈసారి పారేయలేదు.

దానికి జవాబు వచ్చేసరికి సార్ పోయి రెండు నెలలైంది. ఉత్తరం మ్యూజియంకి వస్తే నేనే విప్పాను. బడి మాస్టారు రాశారు. మీ ఉత్తరం పెద్దాయనకి రెండుసార్లు చదివి వినిపించాను, విన్నారు, లేచి పొలానికి వెళ్ళిపోయారు. ఇంకొక విషయం మిమ్మల్ని అడగాలి. ఎలుకకి ఆయన పేరు పెడుతున్నామని మీ సార్ రాసిన మొదటి ఉత్తరానికి అద్దం కట్టించి మా బడి గోడకి తగిలించాం. కొత్తగా చేరిన పిల్లలకి ఏటా దాన్ని చదివి వినిపిస్తాం. ఇప్పుడు దాన్ని తీసేయాలా, ఉంచాలా, మీరే చెప్పండి.

ఎన్నోసార్లు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. తీసేయండి అని రాయడానికి చెయ్యి రాలేదు. ఉంచండి అంటే, సర్దేసిన నంబర్లకి ఇంకొకటి చేర్చినట్టే. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూనే ఏళ్ళు గడిచాయి. ఖాళీ వదలాల్సిన చోట నింపేసిన దాన్ని, జవాబు రాయాల్సిన చోట ఖాళీ వదిలేశాను. ఆ ఉత్తరం ఇంకా ఆ గోడ మీద ఉందో లేదో నాకు తెలియదు.